మారని లయ

ఉద్దేశం

ఒక పక్కవాద్య బృందం తన స్థానం కోసం, తనదైన నాదం కోసం సాగించిన పోరాటాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. సభ్యులు మారుతున్నా ఒక బృందం తన స్వరూపాన్ని ఎలా నిలుపుకుంటుందో ఆలోచింపజేయడం మరొక ప్రయోజనం.

నేపథ్యం

అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో, కొండప్రాంతాల్లో రూపుదిద్దుకున్న పాటల సంప్రదాయానికి కంట్రీ సంగీతమని పేరు. ఐరోపా నుంచి వలసవచ్చినవారి జానపద గీతాలు, నల్లజాతీయుల బ్లూస్ పాటలు, చర్చి కీర్తనలు కలగలిసి దీనికి జీవం పోశాయి. ఫిడేలు, గిటారు, బాంజో, స్టీల్ గిటారు దీని ప్రధాన వాద్యాలు. ప్రేమ, ఎడబాటు, శ్రమ, వలస, పశ్చాత్తాపం దీనిలోని ప్రధాన వస్తువులు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం ఈ సంగీతానికి రాజధాని వంటిది. అక్కడ 1925లో ప్రారంభమైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే రేడియో కార్యక్రమం ఈ పాటలను ఇంటింటికీ చేర్చింది.

1970 దశకంలో ఈ సంగీతంలో తలెత్తిన తిరుగుబాటు ధోరణిని 'ఔట్‌లా కంట్రీ' అన్నారు. ఔట్‌లా అనే మాటకు చట్టానికి లొంగక తిరిగేవాడని అర్థం. అయితే ఈ కళాకారులు ప్రధానంగా ఎదిరించింది రాజ్యశాసనాన్ని కాదు, సంగీత వ్యాపారుల శాసనాన్ని. వారిలో అగ్రగణ్యుడు వేలన్ జెన్నింగ్స్. ఆయన పక్కవాద్య బృందమే 'వేలర్స్'.

పాఠం

కచేరీ ముగిసిన తరువాత శ్రోతల నోట వినిపించేది గాయకుని పేరు. అతని వెనుక ఉండి శ్రుతిని, లయను కాపాడినవారి పేర్లు తెలిసినవారు కొద్దిమందే. హరికథకైనా, సంగీతసభకైనా పక్కవాద్యం ఎంత ముఖ్యమో మనకు తెలియనిది కాదు. మృదంగ విద్వాంసుడు గాయకుని మనసెరిగి వాయిస్తేనే కీర్తన రక్తి కడుతుంది. ఆ మనసెరగడం ఒక్క పూటలో అలవడేది కాదు. ఏళ్ల తరబడి కలిసి ప్రయాణించడం వల్ల కలిగేది. అలా కలిసి ప్రయాణించిన వాద్యకారులను గాయకుని నుంచి విడదీయడం న్యాయమా అన్న ప్రశ్న నుంచే వేలర్స్ బృందచరిత్ర అర్థవంతమవుతుంది.

వేలన్ జెన్నింగ్స్ 1937 జూన్ 15న టెక్సాస్ రాష్ట్రంలోని లిటిల్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. అది పత్తిచేల ప్రాంతం. తల్లి అతనికి గిటారు వాయించడం నేర్పింది. చదువు మధ్యలోనే ఆగిపోయింది. రేడియో కేంద్రాలలో పాటలు వినిపించే వ్యాఖ్యాతగా పనిచేస్తూ, లబక్ నగరంలో బడీ హోలీ అనే యువ రాక్ గాయకునితో స్నేహం సంపాదించాడు. 1958లో జెన్నింగ్స్ తొలి రికార్డును తయారు చేయించినవాడు హోలీయే. మరుసటి ఏడాది చలికాలపు సంగీతయాత్రకు అతన్ని తన బృందంలో బాస్ గిటారు వాద్యకారునిగా తీసుకున్నాడు.

ఆ యాత్ర విషాదంగా ముగిసింది. బస్సు మాటిమాటికీ చెడిపోవడం, ఎముకలు కొరికే చలి కళాకారులను బాధించాయి. అయొవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ కచేరీ తరువాత హోలీ ఒక చిన్న విమానాన్ని కుదుర్చుకున్నాడు. అందులో జెన్నింగ్స్‌కు ఒక స్థానం ఉంది. జ్వరంతో బాధపడుతున్న జె.పి. రిచర్డ్‌సన్ అనే తోటి గాయకునికి అతను తన స్థానాన్ని విడిచిపెట్టాడు. 1959 ఫిబ్రవరి 3న ఆ విమానం కూలిపోయింది. హోలీ, రిచర్డ్‌సన్, రిచీ వాలెన్స్ అనే మరో గాయకుడు, విమానచోదకుడు మరణించారు. అప్పటికి హోలీ వయసు 22 ఏళ్లు. బయలుదేరేముందు స్నేహితులిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ అన్న మాటలు జెన్నింగ్స్‌ను ఏళ్ల తరబడి అపరాధభావంతో వేధించాయి. తోటి కళాకారులతో కలిసి ప్రయాణించే జీవితంలోని ఆనందమూ ప్రమాదమూ ఆయనకు ఒక్కసారే తెలిసివచ్చాయి.

బృందావిర్భావం

కొంతకాలం సంగీతానికి దూరంగా ఉన్న జెన్నింగ్స్ 1960ల తొలినాళ్లలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరానికి చేరాడు. అక్కడ సొంత బృందాన్ని కూర్చుకున్నాడు. గిటారుకు జెర్రీ గ్రాప్, బాస్‌కు పాల్ ఫాస్టర్, డ్రమ్ములకు రిచీ ఆల్‌బ్రైట్ కుదిరారు. గాయకుని పేరు నుంచే బృందానికి వేలర్స్ అనే పేరు వచ్చింది. 1964 నుంచి ఫీనిక్స్ సమీపంలోని 'జేడీస్' అనే నృత్యశాల వారికి స్థిరమైన వేదిక అయింది.

ఆ వేదికకు విద్యార్థులు, పశుపాలకులు, కూలీలు, వ్యాపారులు అందరూ వచ్చేవారు. ఒకరికి కంట్రీ పాట కావాలి, మరొకరికి రాక్ పాట కావాలి. అందరి పాదాలనూ కదిలించడం వాద్యకారుల పని. ఈ అవసరం నుంచే వేలర్స్ బాణీ పుట్టింది. ఆల్‌బ్రైట్ పాదంతో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము దెబ్బ ప్రతి మాత్రకూ నిండుగా, నిలకడగా పడేది. బాస్ గిటారు దానిని అంటిపెట్టుకుని నడిచేది. ఆ గట్టి నేలపై జెన్నింగ్స్ గిటారు, గొంతు స్వేచ్ఛగా విహరించేవి. పాట ఇతివృత్తం పల్లెది, లయలోని బరువు రాక్ సంగీతానిది.

ఆ రోజుల్లో బృందసభ్యులు తమ నాయకునికి 1953 నాటి ఒక టెలికాస్టర్ గిటారును బహూకరించారు. దానికి నల్లని తోలుపై తెల్లని పూలు తీర్చిన కవచం తొడిగించారు. తరువాతి కాలంలో ఆ గిటారు జెన్నింగ్స్‌కు గుర్తింపుచిహ్నంగా మారింది. లోకానికి అది గాయకుని గిటారు. నిజానికి అది వాద్యకారుల కానుక.

నాష్‌విల్ కట్టుబాట్లు

1965లో ఆర్.సి.ఎ. రికార్డు సంస్థ తరఫున చెట్ అట్కిన్స్ జెన్నింగ్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అట్కిన్స్ స్వయంగా గొప్ప గిటారు విద్వాంసుడు. అప్పటికే రాక్ సంగీతపు పోటీకి తట్టుకోవడానికి ఆయనా, ఓవెన్ బ్రాడ్లీ మొదలైనవారూ 'నాష్‌విల్ సౌండ్' అనే పద్ధతిని తీర్చిదిద్దారు. ఫిడేలు, స్టీల్ గిటారుల స్థానంలో మెత్తని వయొలిన్ సముదాయం, వంతగాయకుల కోరస్ చేరాయి. ఆ పాటలు నగరవాసులను కూడా ఆకట్టుకున్నాయి. కంట్రీ సంగీతాన్ని గడ్డుకాలంలో నిలబెట్టిన ఘనత ఆ పద్ధతికి దక్కుతుంది.

అయితే దానికొక కట్టుబాటు ఉంది. పాటను ఎంపిక చేసేవాడు, వాద్యకారులను నియమించేవాడు, తుది మెరుగులు దిద్దేవాడు సంస్థ నియమించిన నిర్మాతే. స్టూడియోలో వాయించేవారు నాష్‌విల్‌లోని కొద్దిమంది నిపుణులు. వారు ఉదయం ఒక గాయకునికి, మధ్యాహ్నం మరొకరికి వాయించగల సమర్థులు. మూడు గంటల వ్యవధిలో మూడు నాలుగు పాటలు ముగించడం వారికి అలవాటు. సంస్థ గాయకులు సంస్థ స్టూడియోలోనే, సంస్థ ఇంజనీర్లతోనే పాడాలన్నది మరొక నియమం.

దీని ఫలితంగా జెన్నింగ్స్‌కు రెండు గొంతులున్నట్లయింది. ఊరూరా వేదికలపై వేలర్స్‌తో కలిసి పాడే పాట ఒకటి. రికార్డుపై వినిపించే పాట మరొకటి. బృందసభ్యులలో ఒకరిద్దరికి అప్పుడప్పుడు స్టూడియోలో చోటు దొరికినా, రికార్డు నాదం మాత్రం వారిది కాలేదు. కచేరీ విని పరవశించిన శ్రోత రికార్డు కొని ఇంటికి వెళ్తే, అందులో తాను విన్న బృందం ఉండేది కాదు. రాత్రింబవళ్లు బస్సులో తిరిగి పాటను పండించినవారు రికార్డు దగ్గరికి వచ్చేసరికి పరాయివారయ్యేవారు.

ఆ తిరుగుడు సామాన్యమైనది కాదు. 1969లో ఇల్లినాయిస్ రాష్ట్రంలో కచేరీకి వెళ్తుండగా జరిగిన రోడ్డు ప్రమాదంలో బాస్ వాద్యకారుడు చక్ కాన్వే మరణించాడు. పదేళ్ల క్రితం నాటి గాయం జెన్నింగ్స్ మనసులో మళ్లీ రేగింది. ఎన్ని కచేరీలు చేసినా అప్పులు తీరేవి కావు.

ధిక్కారం

1972లో జెన్నింగ్స్ కామెర్ల వ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు. పాడటమే మానివేయాలన్న ఆలోచన కలిగింది. ఆ స్థితిలో ఆయనకు ధైర్యం చెప్పినవాడు డ్రమ్ము వాద్యకారుడు ఆల్‌బ్రైట్. రాక్ గాయకులు తమ వాద్యకారులను తామే ఎంచుకుంటున్నారనీ, తమ నాదాన్ని తామే నిర్ణయించుకుంటున్నారనీ, ఆ మార్గం తమకు మాత్రం ఎందుకు మూసి ఉండాలనీ అతను వాదించాడు. న్యూయార్క్‌కు చెందిన నీల్ రెషెన్ అనే వ్యవహర్తను సంప్రదించమని సూచించాడు. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ వ్యవహారాలు చూసినవాడు రెషెన్. గాయకుని జీవితాన్ని మలుపు తిప్పిన సలహా పక్కవాద్యకారుని నుంచి రావడం ఇక్కడ గమనించదగిన అంశం.

రెషెన్ ఆర్.సి.ఎ. సంస్థతో గట్టిగా బేరమాడాడు. ఒప్పందాన్ని తిరగరాయించి 75,000 డాలర్ల ముందస్తు సొమ్మును, అంతకన్నా విలువైన కళాస్వేచ్ఛను సాధించాడు. పాటల ఎంపిక, నిర్మాణం, వాద్యకారుల ఎంపిక జెన్నింగ్స్ చేతికి వచ్చాయి. 1973లో వెలువడిన 'హాంకీ టాంక్ హీరోస్' ఆల్బమ్ ఈ మార్పునకు నిదర్శనం. అందులో ఒక్కటి తప్ప మిగిలిన పాటలన్నీ బిల్లీ జో షేవర్ అనే, అప్పటికి అంతగా పేరులేని రచయితవి. వయొలిన్ సముదాయం తెర వెనుకకు తప్పుకుంది. ఆల్‌బ్రైట్ లయ, డానీ బ్రూక్స్ హార్మోనికా, రాల్ఫ్ మూనీ స్టీల్ గిటారు ముందుకు వచ్చాయి.

తరువాత జెన్నింగ్స్ మరో నియమాన్ని దాటాడు. గాయకుడు టాంపాల్ గ్లేసర్ సోదరులు నడిపే 'హిల్‌బిలీ సెంట్రల్' అనే స్టూడియోలో, అంటే సంస్థ గోడల వెలుపల, 'దిస్ టైమ్' ఆల్బమ్‌ను రికార్డు చేశాడు. 1974లో అందులోని శీర్షికా గీతం కంట్రీ పాటల పట్టికలో ఆయనకు తొలిసారి ప్రథమస్థానం సంపాదించి పెట్టింది. ఆ స్టూడియోలో ప్రచార వ్యవహారాలు చూసిన హేజెల్ స్మిత్ ఈ కొత్త ధోరణికి 'ఔట్‌లా' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిందని చెబుతారు. ఆమె ఇచ్చిన పేరు వెనుక ఉన్న అసలు కోరిక మాత్రం సామాన్యమైనది. తనతో నడిచేవారిని తానే ఎంచుకునే హక్కు, వారితోనే తన పాటను పూర్తి చేసుకునే హక్కు. వారి స్వాతంత్ర్యేచ్ఛకు మూలం ఇదే.

మారిన మనుషులు

వేలర్స్ బృందంలో సభ్యులు ఎప్పుడూ ఒకే తీరుగా లేరు. గ్రాప్, ఫాస్టర్ల తరువాత ఎందరో వచ్చారు, వెళ్లారు. బాస్ గిటారు ఒక్కటే కాన్వే తరువాత డ్యూక్ గాఫ్, షెర్మన్ హేస్, జెర్రీ బ్రిడ్జెస్ మొదలైనవారి చేతుల్లోకి మారింది. బిల్లీ రే రేనాల్డ్స్, గార్డన్ పేన్, రాన్స్ వాసన్ గిటారు పట్టారు. బార్నీ రాబర్ట్‌సన్ కీబోర్డుతో, ఆయన భార్య కార్టర్ తన గానంతో తోడ్పడ్డారు.

వీరిలో రాల్ఫ్ మూనీ ప్రత్యేకంగా పేర్కొనదగినవాడు. 1928లో ఓక్లహోమాలో జన్మించిన ఆయన, జెన్నింగ్స్ కంటే ముందే ప్రసిద్ధుడు. 1956లో రే ప్రైస్ పాడి విజయం సాధించిన 'క్రేజీ ఆర్మ్స్' పాట రచయితలలో ఆయన ఒకడు. స్టీల్ గిటారు తీగలను మీటుతూ, వాటిపై ఉక్కుకడ్డీని జరుపుతారు. ఆ నాదం ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా జారుతుంది. మన సంగీతంలోని జారు అనే గమకాన్ని ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. నాష్‌విల్ రికార్డులు పక్కకు నెట్టిన ఈ వాద్యాన్ని వేలర్స్ బృందం మళ్లీ పాట నడిబొడ్డున నిలిపింది. 1970లో చేరిన మూనీ దాదాపు ఇరవై ఏళ్లు ఆ బృందంలో కొనసాగాడు.

ఇందరు మారినా శ్రోతలు ఆ బృందాన్ని వెంటనే గుర్తుపట్టడానికి కారణమేమిటి? కొత్తగా చేరినవాడు పాతవానిని అనుకరించవలసిన అవసరం ఉండేది కాదు. అతను ఆ లయను అంగీకరించాలి. అందులో తన చోటును తాను వెతుక్కోవాలి. హార్మోనికా లేనినాడు గిటారు ఆ ఖాళీని నింపేది. మూనీ జారుడు స్వరాలు మౌనం దాల్చినచోట కీబోర్డు పలికేది. మార్పు అంతా పై అంతస్తులలో జరిగేది. పునాదిగా ఆల్‌బ్రైట్ దరువు ఉండేది. 1974లో టెక్సాస్‌లో జరిగిన కచేరీల నుంచి కూర్చి 1976లో విడుదల చేసిన 'వేలన్ లైవ్' ఆల్బమ్‌లో ఈ సమన్వయం స్పష్టంగా వినిపిస్తుంది. ఒకప్పుడు రికార్డులకు పనికిరాదనుకున్న బృందనాదమే అప్పుడు అత్యంత ఆదరణ పొందింది.

1970ల చివరలో మరొక అపురూపమైన కలయిక జరిగింది. బడీ హోలీతో కలిసి పనిచేసిన 'క్రికెట్స్' బృందసభ్యులు జెన్నింగ్స్ సంగీతయాత్రలలో పాల్గొన్నారు. 1978లో వెలువడిన ఆల్బమ్‌లో వారితో కలిసి ఆయన హోలీ పాటల మాలికను పాడాడు. విమానప్రమాదం జరిగిన 19 ఏళ్లకు, చనిపోయిన స్నేహితుని బృందం బతికి ఉన్న స్నేహితునికి తోడు నిలిచింది.

కీర్తి తెచ్చిన చిక్కులు

1976 జనవరిలో ఆర్.సి.ఎ. సంస్థ 'వాంటెడ్! ది ఔట్‌లాస్' అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. జెన్నింగ్స్, ఆయన భార్య జెస్సీ కోల్టర్, విల్లీ నెల్సన్, టాంపాల్ గ్లేసర్‌ల పాటలు అందులో ఉన్నాయి. వాటిలో ఎక్కువ పాటలు అంతకుముందే వెలువడినవి. పరారీలో ఉన్న నేరస్థుని కోసం గోడలకు అతికించే పాతకాలపు ప్రకటనలా ముఖచిత్రాన్ని రూపొందించారు. పది లక్షల ప్రతుల అమ్మకానికిచ్చే ప్లాటినం గుర్తింపు పొందిన మొట్టమొదటి కంట్రీ ఆల్బమ్ ఇదే. ఏ వ్యాపారశాసనాన్ని వారు ధిక్కరించారో, ఆ వ్యాపారమే వారి ధిక్కారాన్ని లాభసాటి సరుకుగా మార్చుకున్నది.

ఔట్‌లా అనే పేరు మరో అనర్థానికీ దారితీసింది. 1977లో మాదకద్రవ్యాల ఆరోపణపై అధికారులు జెన్నింగ్స్‌ను అరెస్టు చేశారు. తరువాత అభియోగాన్ని ఉపసంహరించారు. మరుసటి ఏడాది ఆయన ఒక పాటలో ఈ ఔట్‌లా వేషం హద్దు మీరిపోయిందని తన్ను తానే ఎగతాళి చేసుకున్నాడు. అయినా వ్యసనం వెంటనే వదలలేదు. ఆరోగ్యం, ధనం రెండూ క్షీణించాయి. 1984లో ఆయన కొకెయిన్‌ను పూర్తిగా విడిచిపెట్టాడు. సంస్థ నిబంధనలను జయించడం కంటే సొంత బలహీనతను జయించడం ఆయనకు కష్టమైంది. ఆ కష్టసుఖాలలో బృందసభ్యులు కూడా పాలుపంచుకోవలసి వచ్చింది.

చివరి కచేరీలు

1990ల చివరలో, మధుమేహంతో శరీరం సహకరించని స్థితిలో, జెన్నింగ్స్ తన మనసుకు నచ్చిన వాద్యకారులను మరొకసారి పోగుచేశాడు. ఈసారి బృందానికి 'వేమోర్ బ్లూస్ బ్యాండ్' అని పేరుపెట్టాడు. పూర్వపు వేలర్స్ సభ్యులే అందులో ఎక్కువమంది. మధ్యలో కొన్నేళ్లు దూరమైన ఆల్‌బ్రైట్ కూడా తిరిగి వచ్చాడు. 2000 జనవరిలో నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో జరిగిన కచేరీని రికార్డు చేసి విడుదల చేశారు. నిలబడలేక ఆసనంపై కూర్చుని పాడుతున్న గాయకుని చుట్టూ ఆ బృందం నిలిచింది. గ్రాండ్ ఓల్ ఆప్రీ దశాబ్దాల పాటు సాగిన వేదిక అది. ఒకనాడు తన వాద్యకారులకు స్టూడియోలో చోటివ్వడానికి వెనుకాడిన నగరంలోనే, ఆయన వారితో కలిసి సగర్వంగా పాడాడు.

2001లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు స్థానం కల్పించింది. ఆ వేడుకకు ఆయన హాజరు కాలేదు. 2002 ఫిబ్రవరి 13న అరిజోనాలో కన్నుమూశాడు. మూనీ 2011లో, ఆల్‌బ్రైట్ 2021లో మరణించారు. జెన్నింగ్స్ మరణానంతరం పూర్వసభ్యులు కొందరు 'వేమోర్స్ ఔట్‌లాస్' అనే పేరుతో ఆ పాటలను వేదికలపై వినిపించారు.

ఒక బృందం పేరు దాని సభ్యుల జాబితా మాత్రమే అయితే, వేలర్స్ బృందం తొలి వాద్యకారుడు వెళ్లిన రోజే ముగిసిపోవాలి. అలా జరగలేదు. వారు కలిసి రూపొందించుకున్న లయ కొత్తవారికి ఆశ్రయమిచ్చింది. ఆ లయకు తగిన చోటు సంపాదించడానికి గాయకుడు తన జీవికనే పణంగా పెట్టాడు. గాయకుడు కుంగినప్పుడు వాద్యకారులు నిలబెట్టారు. తోటివారి ఆత్మాభిమానాన్ని తన ఆత్మాభిమానంగా భావించినవాడే నిజమైన నాయకుడని ఈ బృందచరిత్ర తెలుపుతున్నది.

కఠిన పదాలు – అర్థాలు

అగ్రగణ్యుడు : మొదట లెక్కింపదగినవాడు
ఆవిర్భావం : పుట్టుక
బాణీ : పాడే లేదా వాయించే తీరు
రక్తి కట్టు : ఆకర్షణీయంగా ఉండు
వంతగాయకులు : ప్రధాన గాయకునితో గొంతు కలిపేవారు
వ్యవహర్త : మరొకరి పక్షాన వ్యవహారాలు నడిపేవాడు
గమకం : స్వరాన్ని కదిలించి పలికే రీతి
సమన్వయం : పొందిక
పణం : పందెంగా ఒడ్డిన వస్తువు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నాష్‌విల్ కట్టుబాట్లను జెన్నింగ్స్, ఆయన బృందం ఎదిరించిన తీరును వివరించండి.
2. సభ్యులు మారినా వేలర్స్ బాణీ నిలిచి ఉండటానికి గల కారణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 1959 నాటి విమానప్రమాదం జెన్నింగ్స్‌పై చూపిన ప్రభావమేమిటి?
2. రాల్ఫ్ మూనీ ప్రత్యేకతను తెలపండి.
3. ఔట్‌లా అనే పేరు వల్ల కలిగిన చిక్కులేవి?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. లోకానికి అది గాయకుని గిటారు. నిజానికి అది వాద్యకారుల కానుక.
2. ఆ వ్యాపారమే వారి ధిక్కారాన్ని లాభసాటి సరుకుగా మార్చుకున్నది.

IV. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వేలర్స్ బృందం ఏ నగరంలో ఏర్పడింది?
2. జెన్నింగ్స్‌ను కొత్త వ్యవహర్త వద్దకు పంపినవారెవరు?
3. 'వేలన్ లైవ్' ఆల్బమ్‌లోని కచేరీలు ఏ రాష్ట్రంలో జరిగాయి?

V. సంధులు
ఆత్మాభిమానం = ఆత్మ + అభిమానం – సవర్ణదీర్ఘ సంధి
స్వాతంత్ర్యేచ్ఛ = స్వాతంత్ర్య + ఇచ్ఛ – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

VI. సమాసాలు
కష్టసుఖాలు : కష్టమును, సుఖమును – ద్వంద్వ సమాసం
పత్తిచేలు : పత్తి యొక్క చేలు – షష్ఠీ తత్పురుష సమాసం
మూడు గంటలు : మూడు సంఖ్య గల గంటలు – ద్విగు సమాసం